ఎండ ఊళ్ళలో సెల్లు బ్యాటరీ: చార్జి నిలవాలంటే ఏం చేయాలి, బ్యాటరీ బతకాలంటే ఏం చేయాలి

సెల్లు షాపు కౌంటరు దగ్గర బ్యాటరీ గురించి వినబడే ఫిర్యాదులు రెండు రకాలు. "పొద్దున నింపితే సాయంత్రానికి ఖాళీ అయితాంది" అనేది ఒకటి. "కొన్నప్పుడు రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు ఒక పూట కూడా రావడం లేదు" అనేది రెండోది. వినడానికి రెండూ ఒకటే జబ్బులా ఉంటాయి గానీ మందు వేరు. మొదటిది వాడకం సంగతి. తెర, సిగ్నలు, యాప్‌లు సరిచేస్తే అదే రోజు తేడా తెలుస్తుంది. రెండోది బ్యాటరీ ముసలిదైపోవడం. ఎన్ని సెట్టింగులు తిప్పినా పోయిన సత్తువ వెనక్కి రాదు, ఇంకా పోకుండా చూసుకోవాలి, లేదా బ్యాటరీ మార్చుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ రెండింటినీ ముదరబెట్టేది ఎండ. మే నెలలో 43, 44 డిగ్రీలు చూసే ఊళ్ళు ఇవి. చల్లటి దేశాల్లో రాసిన చిట్కాల్లో మొదటిది "తెర వెలుగు తగ్గించండి" అని ఉంటుంది. ఇక్కడ మొదటిది సెల్లును నీడకు చేర్చడం.

వేడి లోపల చేసే పని

సెల్లులో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. పైన లిథియం పాలిమర్ అని రాసి ఉన్నా జాతి అదే. ఒక పక్క గ్రాఫైటు పూసిన రాగి రేకు, ఇంకో పక్క లోహపు ఆక్సైడు పూసిన అల్యూమినియం రేకు, మధ్యలో ద్రవం. గ్రాఫైటు మీద కంటికి కనబడనంత పలచని పొర ఒకటి ఏర్పడి ఉంటుంది. అది లేకపోతే బ్యాటరీ పని చేయదు. కానీ వేడికి ఆ పొర మందమవుతూ పోతుంది, మందమయ్యే కొద్దీ లిథియంను తనలో కలిపేసుకుంటుంది. బోరు నీళ్ళు కాచే గిన్నెకు అడుగున సున్నం పేరుకున్నట్టే. గిన్నె పైకి అదే, పట్టే నీళ్ళు తగ్గుతాయి, కాగడం ఆలస్యమవుతుంది.

వేడికి తోడు నిండు చార్జి కలిస్తే ఈ అరుగుదల ఇంకా జోరందుకుంటుంది. 100 శాతం దగ్గర ఇప్పటి సెల్లు బ్యాటరీ సుమారు 4.4 వోల్టుల మీద ఉంటుంది, సగం చార్జిలో 3.8 దగ్గర. వోల్టేజి ఎంత ఎక్కువుంటే లోపలి రసాయనాలకు అంత ఒత్తిడి. బ్యాటరీల పని చేసేవాళ్ళు తరచూ చూపించే అంకెలు ఇవి: లిథియం అయాన్ బ్యాటరీని నిండుగా నింపి 40 డిగ్రీల్లో ఏడాది ఊరికే పెడితే సుమారు 35 శాతం సత్తువ పోతుంది. అదే 40 డిగ్రీల్లో, 40 శాతం చార్జితో పెడితే పోయేది 15 శాతం. 25 డిగ్రీల్లో, 40 శాతంతో పెడితే 4 శాతమే. ఈ లెక్కలో బ్యాటరీని ఒక్కసారి కూడా వాడలేదు, ఊరికే పెట్టారంతే. అంటే రేకుల ఇంట్లో, పైనున్న గూట్లో, నిండా చార్జి చేసి పడేసిన పాత సెల్లు వాడకుండానే అరిగిపోతుంది.

ఆపిల్ కంపెనీ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని రాస్తుంది. చాలా కంపెనీల పుస్తకాల్లో ఉండేది దాదాపు ఇదే. ఆ 35 గీత మనకు మార్చిలోనే దాటిపోతుంది, కాబట్టి ఎండాకాలమంతా సెల్లు హద్దు బయటే బతుకుతుందని అనుకునే జాగ్రత్త పడాలి.

ఎక్కడ పెడుతున్నామన్నదే సగం జాగ్రత్త. ఎండలో ఆపిన కారులో లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, డ్యాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. స్కూటరు సీటు కింది డిక్కీకి పైనుంచి ఎండ, కిందనుంచి ఇంజను వేడి. బైకు హ్యాండిలుకు బిగించిన హోల్డరులో మ్యాపు చూస్తూ, దానికే చార్జరు కూడా తగిలించి జాతీయ రహదారి మీద మధ్యాహ్నం పూట పోతే నాలుగు వేడులు ఒకేసారి పడతాయి: ఎండ, పూర్తి వెలుగులో తెర, జీపీఎస్, చార్జింగు. కాసేపటికి తెర మసకబారుతుంది, చార్జింగు ఆగుతుంది, "టెంపరేచర్" అని హెచ్చరిక వస్తుంది. సెల్లు పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది. దారి ముందే చూసుకుని, మ్యాపును ఆఫ్‌లైనులో దించుకుని, చెవిలో మాట వినబడేలా పెట్టి సెల్లును బ్యాగులో వేసుకోవడం మేలు. పొలంలో అయితే గట్టు మీద కాకుండా సద్దిమూట పెట్టిన చెట్టు నీడలోనే, తువ్వాలు మీద పెట్టండి. తువ్వాలులో చుట్టి పెడితే మాత్రం లోపలి వేడి బయటికి పోదు.

కాలిపోతున్న సెల్లును ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళున్నారు. వద్దు. బయటికి తీయగానే చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా మారుతుంది, ఆ బొట్లు లోపల కూడా పడతాయి. చల్లబరచడానికి మనకు చేతికందేది ఇంకోటి ఉంది: నేల మీద పరిచిన బండ. కడప బండ గానీ బేతంచెర్ల బండ గానీ, ఎండ పడని గదిలో గాలికన్నా చల్లగా ఉంటుంది, వేడిని గాలికన్నా బాగా లాగుతుంది. రబ్బరు కవరు తీసేసి, వీపు ఆనేలా ఆ బండ మీద పెట్టి, ఫ్యాను వేస్తే పది నిమిషాల్లో తేడా చేతికి తెలుస్తుంది.

చార్జింగు పెట్టే పద్ధతి

ఆ బండ మీదే చార్జింగు కూడా పెట్టండి. పరుపు మీద, దిండు కింద, బొంత మడతల్లో పెట్టి చార్జింగు పెట్టడం బ్యాటరీని ఉడకబెట్టడమే.

ఎంతవరకు నింపాలి? రోజూ 20 నుంచి 80 మధ్య తిప్పుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. దీన్ని మనిషి కాపలా కాయాల్సిన పని లేదు, సెల్లుకే చెప్పి వదిలేయొచ్చు. సాంసంగ్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ ప్రొటెక్షన్‌లోకి పోయి "మ్యాగ్జిమమ్" ఎంచుకుంటే 80 దగ్గర ఆగుతుంది. ఐఫోన్ 15, ఆ తర్వాతి వాటిలో సెట్టింగ్స్, బ్యాటరీ లోపలే 80 శాతం హద్దు ఉంది. మిగతా కంపెనీల్లో పేరు మారుతుంది, సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో "చార్జింగ్" అని కొడితే బయటపడుతుంది. ఊరికి పోయే రోజు, జాతరకు పోయే రోజు 100 నింపుకోండి, తప్పేం లేదు. నింపింది నింపినట్టు రాత్రంతా వైరుకే వేలాడనివ్వడం, అదీ 35 డిగ్రీల గదిలో, అసలు తప్పు అది. ఎండాకాలం చార్జింగుకు మంచి వేళ తెల్లవారుజాము. 5 నుంచి 7 మధ్య గది చల్లగా ఉంటుంది, లేచి తయారయ్యే లోపు పని అయిపోతుంది.

సున్నా దాకా పోనివ్వడం ఒకటి రెండు సార్లయితే పరవాలేదు, అలవాటు చేయకండి. సున్నా మీదే నెలల తరబడి బీరువాలో పడి ఉండే సెల్లుకు మాత్రం ముప్పే. వోల్టేజి మరీ కిందికి జారితే రాగి రేకు కరగడం మొదలవుతుంది, ఆ తర్వాత చార్జరు తగిలించినా రక్షణ సర్క్యూటు ఒప్పుకోదు. వాడని సెల్లును సగం చార్జిలో ఆపేసి, చల్లటి చోట పెట్టి, ఆరు నెలలకోసారి చూడండి.

"కొత్త సెల్లును మొదటిసారి 8 గంటలు చార్జి చేయాలి" అన్నది పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట. దాన్ని మర్చిపోవచ్చు.

ఫాస్ట్ చార్జింగు మంచిదా చెడ్డదా అని తెగ వాదిస్తారు. కరెంటు వేగంగా పోవడంకన్నా దానితో పుట్టే వేడే ఎక్కువ నష్టం. చలికాలం పొద్దున 33 వాట్లతో నింపినా ఏమీ కాదు. మే నెల మధ్యాహ్నం రెండింటికి అదే పని చేస్తే బ్యాటరీ సులభంగా 45 డిగ్రీలకు చేరుతుంది. తొందర లేనప్పుడు పాత 10 వాట్ల చార్జరు వాడండి, లేదా సెట్టింగుల్లో ఫాస్ట్ చార్జింగ్ మీట ఉంటే ఆపేయండి. చార్జరు ఎన్ని వాట్లో తెలియాలంటే దాని ఒంటి మీద అవుట్‌పుట్ అని రాసిన వరుస చదవండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఉంటే 10 వాట్లు. 9 వోల్టులు, 2 ఆంపియర్లు ఉంటే 18 వాట్లు. రెండూ గుణించడమే లెక్క.

చార్జరు కొనేటప్పుడు బీఐఎస్ (సర్కారు వారి నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద "ఆర్" అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. బస్టాండు బయట బండి మీద అమ్మే చార్జర్లలో గుర్తు ముద్రించి ఉన్నా, నంబరు కొడితే ఇంకెవరిదో రావొచ్చు. నిమిషం పని, కొనే ముందే చేయండి.

చార్జింగు నెమ్మదించింది, వైరు కదిలిస్తేనే ఎక్కుతోంది అనుకుంటే బ్యాటరీని అనుమానించే ముందు పిన్ను పెట్టే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. మన దగ్గర దుమ్ము, చొక్కా జేబు నూలు కలిసి అడుగున గట్టిగా అతుక్కుపోతాయి. సెల్లు ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్కుతో మెల్లగా గోకి తీయండి. పిన్నీసు, సూది, హెయిర్‌పిన్ను వద్దు, లోపలి పళ్ళు వంగితే జాకీ మొత్తం మార్చాలి.

కరెంటు సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మంచి చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, కాబట్టి లో వోల్టేజికి భయం లేదు. కరెంటు పోయి తిరిగి వచ్చేటప్పుడు కొట్టే ఝలక్‌కే చార్జర్లు పోతాయి. కరెంటు పోగానే ప్లగ్గు తీసి, వచ్చిన రెండు నిమిషాలకు పెట్టండి. ఎండాకాలం ఆఖర్లో ఉరుములు మొదలైతే పూర్తిగా తీసేయండి. పొలంలో మోటారు స్టార్టరు డబ్బా దగ్గర ఒక ఫేజు వైరు, భూమిలో దించిన ఇనుప కడ్డీ కలిపి బల్బు వెలిగిస్తుంటారు. అక్కడ చార్జరు పెట్టొద్దు. న్యూట్రల్ లేని చోట వోల్టేజికి హద్దుండదు, పొరపాటున రెండు ఫేజులు తగిలితే 400 వోల్టులు దాటుతుంది. చార్జరు పేలడం చిన్న నష్టం. ఆ కడ్డీ దగ్గర తడి నేల మీద నిలబడిన మనిషికి ప్రాణం మీదికి వస్తుంది.

సిగ్నలు లేని చోట బ్యాటరీ ఎందుకు పరిగెత్తుతుంది

ఊళ్ళలో వాడేవాళ్ళ చార్జిని ఎక్కువగా తినేది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే. టవరు దగ్గరుంటే సెల్లు గుసగుసలాడితే చాలు. దూరమైతే అరవాలి. 4జీ సెల్లు అవసరమైతే 200 మిల్లీవాట్ల శక్తితో అరుస్తుంది, ఆ అరుపు పుట్టించడానికి బ్యాటరీ నుంచి లాగేది అంతకు ఎన్నో రెట్లు. టవరు అసలు దొరక్కపోతే వెతుకుతూనే ఉంటుంది.

గీతలు చూసి అంచనా వేయొద్దు, అంకె చూడండి. సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంత్ అని ఉంటుంది. మైనస్ 90 దగ్గర ఉంటే హాయి. మైనస్ 110 దాటితే బ్యాటరీకి కష్టకాలం. మైనస్ 120 అంటే ఉన్నా లేనట్టే. ఈ లెక్కలో 10 తేడా అంటే పది రెట్లు. లావు రాతి గోడల మిద్దె ఇంట్లో నడుమ గదిలో మైనస్ 115 చూపించే సెల్లు కిటికీ అరుగు మీద మైనస్ 102 చూపించొచ్చు. రాత్రి పడుకునేటప్పుడు సెల్లును ఆ కిటికీ దగ్గరకు మార్చడం ఎన్నో "బ్యాటరీ సేవర్" యాప్‌లకన్నా మంచి పని చేస్తుంది. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి.

రెండు సిమ్‌ల సెల్లులో ఒక సిమ్‌కు మీ ఊళ్ళో సిగ్నలు లేకపోతే అది ఊరికే ఉండదు, పగలూ రాత్రీ టవరు కోసం వెతుకుతుంది. సిమ్ సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆఫ్ చేయండి. బ్యాంకు మెసేజీలు దానికే వస్తాయనుకుంటే టౌనుకు పోయినప్పుడు ఆన్ చేసుకోవచ్చు.

5జీ వచ్చీ పోయీ ఉండే చోట సెల్లు 4జీకి, 5జీకి మధ్య ఊగుతుంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ 4జీకి మార్చి రెండు రోజులు చూడండి. డయలరులో *#*#4636#*#* కొడితే కొన్ని సెల్లుల్లో దొంగ మెను ఒకటి తెరుచుకుంటుంది. అందులో "ఎల్‌టీఈ ఓన్లీ" (అంటే 4జీ మాత్రమే) ఉంటుంది. అది ఎంచుకుంటే ఊగిసలాట పూర్తిగా ఆగుతుంది. కానీ ఆ సిమ్‌లో వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిచే ఏర్పాటు) పని చేయకపోతే కాల్స్ రావు, ముందు ఒక కాల్ చేసి చూసుకోండి.

కర్నూలు నుంచి శ్రీశైలం పోయే బస్సులో ఆత్మకూరు దాటాక దోర్నాల దాకా నల్లమల అడవి. సిగ్నలు వస్తుంది, పోతుంది, చాలాచోట్ల ఉండదు. ఆత్మకూరులో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి దోర్నాలలో తీస్తే, కొండెక్కి దర్శనానికి క్యూలో నిలబడ్డప్పుడు ఇంటివాళ్ళకు ఫోను చేయడానికి చార్జి ఉంటుంది.

తెర, యాప్‌లు

బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే దాన్ని 3.85 వోల్టులతో గుణించండి. 19 వాట్ అవర్లు చిల్లర వస్తుంది. అది మీ రోజు ఖర్చు డబ్బు. మామూలు వెలుగులో వీడియో చూస్తే సుమారు 1.2 వాట్లు, అంటే 16 గంటలు. ఎండలో పూర్తి వెలుగుతో మ్యాపు పెట్టుకుంటే 2 నుంచి 3 వాట్లు. తుపాకుల ఆటలు ఆడితే 4 వాట్లు, 5 గంటల్లో చేతులెత్తేస్తుంది. ఖర్చెక్కడో తెలియకుండా పొదుపు మొదలుపెట్టేవాళ్ళు బ్లూటూత్ ఆపేస్తారు. బ్లూటూత్ తినేది అణా పైసలు.

తెర వెలుగును ఆటోలో పెట్టి, ఎండలో వీలైనంత తక్కువ చూడండి. ఆరుబయట సెల్లు పూర్తి వెలుగుకు పోతుంది, దానితో పాటే వేడెక్కుతుంది. రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు కొత్తగా గీస్తుందో ఆ అంకె) 120 నుంచి 60కి దించితే ఎక్కువమందికి తేడా తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది. ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే, కదిలే వాల్‌పేపరు తీసేయండి.

డార్క్ మోడ్ విషయంలో చిన్న మెలిక ఉంది. అది అమోలెడ్ తెరలకే పనికొస్తుంది, ఎందుకంటే వాటిలో నల్లటి చోట చుక్క ఆరిపోతుంది. ఎల్‌సీడీ తెరలో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి లాభం శూన్యం. అమోలెడ్ అయినా వెలుగు తక్కువున్నప్పుడు లాభం తక్కువే. 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిస్తే, 30 నుంచి 50 శాతం వెలుగులో ఆదా 3 నుంచి 9 శాతం, పూర్తి వెలుగులో 39 నుంచి 47 శాతం. మీది ఏ తెరో తెలియాలంటే చీకటి గదిలో నల్లటి బొమ్మ ఒకటి తెర నిండా తెరవండి. తెర పూర్తిగా మాయమైతే అమోలెడ్, బూడిద రంగు మెరుపు కనబడితే ఎల్‌సీడీ.

యాప్‌ల దగ్గర, సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ యూసేజ్ తెరిచి, రాత్రి పడుకోబోయే ముందు చూడండి. తెర మీద మీరు వాడిన యాప్ పైన ఉండడం న్యాయమే. వాడనిది పైన ఉంటే అది దొంగ. దాని పేరు నొక్కి "రిస్ట్రిక్టెడ్" పెట్టండి. వాట్సాప్, బ్యాంకు యాప్, మోటారు స్టార్టరు యాప్ లాంటివాటికి మాత్రం పెట్టొద్దు, సందేశం ఆలస్యంగా వస్తుంది. అనుమతుల్లో లొకేషన్‌ను "వాడుతున్నప్పుడు మాత్రమే"కు మార్చండి. వాట్సాప్‌లో వీడియోలు వాటంతట అవి దిగడం ఆపేయండి. ఊరి గ్రూపుల్లో వచ్చే గుడ్‌మార్నింగ్ వీడియోలన్నీ మీ చార్జితోనే దిగుతున్నాయి.

తెరిచిన యాప్‌లన్నీ మాటిమాటికీ తుడిచేయడం అనవసరం, ఒక్కోసారి నష్టం కూడా. మళ్ళీ తెరిచినప్పుడు మొదటినుంచి లోడ్ కావాలి. ఆండ్రాయిడ్ 6 నుంచే ఊరికే పడి ఉన్న సెల్లును నిద్రపుచ్చే ఏర్పాటు లోపలే ఉంది, 9 నుంచి అరుదుగా వాడే యాప్‌లను అదే కట్టేస్తుంది. "ర్యామ్ క్లీనర్" యాప్‌లను తీసేయండి, ప్రకటనలు చూపించడానికి అవే బ్యాటరీ తింటాయి.

రాత్రి పరీక్ష

దోషం ఎక్కడుందో తేల్చడానికి రెండు రాత్రులు చాలు. మొదటి రాత్రి 10కి చార్జి ఎంతుందో కాగితం మీద రాసి, సెల్లును ముట్టకుండా వదిలేసి, పొద్దున 6కి చూడండి. 80 ఉన్నది 76 దగ్గరుంటే బాగుందని అర్థం. 68 అయితే ఏదో తింటోంది. రెండో రాత్రి అదే పని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో చేయండి. ఈసారి 79 ఉంటే దొంగ సిగ్నలు గానీ నెట్ వాడే యాప్ గానీ. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో కూడా 70కి పడితే ఏదో యాప్ సెల్లును నిద్రపోనివ్వడం లేదు, లేదా బ్యాటరీయే అయిపోయింది.

బ్యాటరీ ముసలిదైందా?

30 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి 5కి పడిపోవడం, కెమెరా ఫ్లాష్ కొట్టగానే ఆఫ్ కావడం ముసలితనం లక్షణాలు. లోపలి నిరోధం పెరిగి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజి కుంగిపోతుంది.

లెక్క కావాలంటే ఆక్యుబ్యాటరీ లాంటి యాప్ పెట్టి, 20 నుంచి 80 దాకా చార్జి చేసి, ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో చూడండి. 2400 ఎక్కిందనుకుందాం. 60 శాతానికి 2400 అంటే 100కి 4000. కొత్తలో 5000 ఉండాల్సింది, అంటే ఇప్పుడు 80 శాతం మిగిలింది. ఒక్కసారికి నమ్మకండి, నాలుగైదు సార్ల సగటు తీసుకోండి. ఐఫోన్‌లో ఈ తలనొప్పి లేదు, బ్యాటరీ హెల్త్‌లో అంకె ఉంటుంది. ఆపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14, అంతకుముందువి 500 సైకిళ్ళకు, 15 నుంచి 1000 సైకిళ్ళకు 80 శాతం నిలపాలి. సైకిల్ అంటే మొత్తం మీద 100 శాతం ఖర్చు. రోజుకు సగం చొప్పున రెండు రోజులు వాడితే ఒకటి. 80 కిందికి వస్తే మార్చే ఆలోచన చేయొచ్చు.

ఉబ్బిన బ్యాటరీకి ఆలోచన లేదు, వెంటనే మార్చాలి. లోపలి ద్రవం విరిగి గ్యాసు పుట్టడం వల్ల ఉబ్బుతుంది. ఇంట్లో బండ మీద ఇసుక లేకుండా తుడిచి, సెల్లును బోర్లా పెట్టి, ఎదురెదురు మూలలు వేలితో తాకండి. ఊగినా, మధ్యలో ఆని బొంగరంలా తిరిగినా తెర కింద పొంగిందని. వెనక మూత అంచు లేచి గోరు దూరుతున్నా అదే. ఇక చార్జింగు పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి, సూదితో గ్యాసు తీయాలన్న ఆలోచన అసలే వద్దు. సూది గుచ్చితే లోపల షార్టై మండొచ్చు.

మార్పించేటప్పుడు షాపులో కూర్చుని చూడండి. కంపెనీ సర్వీసు సెంటరు దూరమైతే బయట వేయించుకోవచ్చు గానీ మూడు చూసుకోవాలి. బ్యాటరీ మీద తయారీ తేదీ ఏడాదికి లోపు ఉండాలి. పెట్టెలో ఉన్నా ఎండకు అరుగుతుందని పైన చెప్పిందే. ఎంఏహెచ్ అంకె మీ పాత బ్యాటరీ మీదున్నంతే ఉండాలి. అదే కొలత బ్యాటరీలో 5000 బదులు 6500 రాసి ఉంటే అది అచ్చు ముద్ర మాత్రమే. అనుమానముంటే తూకం వేయండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ 65 నుంచి 75 గ్రాముల మధ్య తూగుతుంది. 45 గ్రాములే ఉంటే మిగతా సత్తువ కాగితం మీదే ఉంది. వెనక మూత ఒకసారి ఊడిస్తే నీళ్ళు పోకుండా ఉండే జిగురు పోతుంది. కొత్త జిగురు పట్టీ వేయమని అడగండి, వేసినా ఆ సెల్లును వానలో తడపొద్దు.

పవర్ బ్యాంకు కొనేవాళ్ళకు: 10000 అని రాసింది 3.7 వోల్టుల దగ్గర లెక్క, 37 వాట్ అవర్లు. వోల్టేజి మార్చడంలో పోయేది పోగా 5000 సెల్లును దాదాపు ఒకటిన్నర సారి నింపుతుంది, రెండుసార్లు కాదు. దాని లోపలున్నదీ లిథియమే, ఎండలో పెట్టకూడదన్న మాట దానికీ వర్తిస్తుంది.

తీసేసిన పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకండి. కుప్పలో నలిగితే మండుతుంది. పట్టీ కొనల మీద ఇన్సులేషన్ టేపు వేసి, సర్వీసు సెంటరులో ఇవ్వండి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. అప్పటిదాకా ఇంట్లో ఉంచాల్సి వస్తే ఇసుక పోసిన మట్టి మూకుడులో, వంటింటికి దూరంగా పెట్టండి.